"శాస్త్రం ఒప్పుకోదు" అనే ముందు: నియమనిష్ఠల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నైలో తెలుగువారి ఇళ్ళకు పౌరోహిత్యం చేస్తుంటాను. టి.నగర్, వెస్ట్ మాంబళం, మైలాపూర్, ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని ఈ మధ్య షోళింగనల్లూర్ దాకా. నియమం పాటించేవారంటే నాకు గౌరవం, నేనూ పాటిస్తాను. నాకు విసుగు పుట్టించేది "శాస్త్రం ఒప్పుకోదు" అన్న మాట. అది అనేవారిలో చాలామంది ఏ శాస్త్రమో చెప్పలేరు. చెప్పగలిగినవారు ఆ మాట అంత తొందరగా అనరు.

అపోహ: ఒక విషయానికి శాస్త్రంలో ఒకే మాట ఉంటుంది.

అలాగే ఉంటే 1612లో కమలాకర భట్టు నిర్ణయసింధువు, 1790 ప్రాంతంలో కాశీనాథ ఉపాధ్యాయుడు ధర్మసింధువు రాయవలసిన పనే ఉండేది కాదు. వచనాలకు పొంతన కుదరని చోట ఏది ఎవరికి, ఎప్పుడు వర్తిస్తుందో తేల్చడానికి పుట్టిన గ్రంథాలవి. చెన్నైలో ఇది కళ్ళెదుటే ఉంటుంది. మనది చాంద్రమానం, ఎదురింటి తమిళులది సౌరమానం. తండ్రి ఆబ్దికానికి మనం చాంద్రమాసంలో పక్షం, తిథి చూసుకుంటాం. వారు సౌరమాసంలో ఆ తిథి ఎప్పుడు పడుతుందో చూస్తారు. ఏకాదశి కూడా ఒక్కోసారి స్మార్తులకు ఒకరోజు, వైష్ణవులకు మరునాడు. ఎవరి సంప్రదాయం వారికి ప్రమాణం. ఎదురింటివారు తప్పు రోజున పెడుతున్నారని నాతో గుసగుసలాడే పెద్దలున్నారు. వాళ్ళూ మన గురించి తమ వాధ్యార్‌తో, అంటే వాళ్ళ పురోహితుడితో, అదే అంటుంటారు.

అపోహ: ఉపవాసం ఉన్నవారు మందు మింగితే వ్రతభంగం.

మహాభారతం ఉద్యోగపర్వంలో ఒక శ్లోకం ఉంది, "అష్టైతాన్యవ్రతఘ్నాని" అని మొదలవుతుంది. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది: నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. చివర మందు పేరే ఉంది చూడండి. పరాశర స్మృతి ఇంకా సూటిగా చెబుతుంది: దేశం అల్లకల్లోలమైనా, పరదేశంలో ఉన్నా, రోగం వచ్చినా, ఆపద వచ్చినా ముందు శరీరాన్ని కాపాడుకో, ధర్మం తరువాత ఆచరించు. ఇన్సులిన్ తీసుకునే పెద్దవారు ఏకాదశి ఉండవచ్చా అని నన్ను అడుగుతుంటారు. అది డాక్టరును అడగవలసిన ప్రశ్న. ఆయన వద్దంటే నా దగ్గరకు అప్పీలుకు రావద్దు.

అపోహ: తలమీద నీళ్ళు పోసుకోనిదే మడి లేదు.

2019 వేసవి గుర్తుందా? పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయి, నగరమంతా లారీ నీళ్ళ కోసం బిందెలతో వరుస కట్టింది. ఆ రోజుల్లోనూ మూడుసార్లు స్నానం చేస్తే తప్ప దేవుడి గదిలోకి వెళ్ళనన్న పెద్దమనుషులున్నారు. ఆ నీళ్ళు మోసింది మాత్రం వారు కాదు, ఇంటి కోడళ్ళు. ధర్మశాస్త్రాల్లో స్నానాలు ఏడు రకాలు. "ఆపోహిష్ఠా" మంత్రంతో నాలుగు చుక్కలు ప్రోక్షించుకుంటే అది మంత్రస్నానం. విభూతి పూసుకోవడం ఆగ్నేయం. దైవస్మరణ మానసస్నానం. రోగికీ, నీరు దొరకనివాడికీ ఉద్దేశించిన ఏర్పాటు ఇది. ఒకరి నిష్ఠకు మరొకరి నడుము విరగాలని చెప్పిన వచనం నాకెక్కడా కనిపించలేదు.

అపోహ: ఆపదలో సడలించుకున్నవాడు ఆచారభ్రష్టుడు.

ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుడి కథ ఉంది. కురుదేశంలో పంటలు నాశనమయ్యాయి. ఉషస్తి భార్యతో కలిసి ఏనుగులవాళ్ళ ఊరు చేరాడు. ఒక మావటి గుగ్గిళ్ళు తింటుంటే కొంచెం పెట్టమన్నాడు. నేను తింటున్నవి తప్ప వేరే లేవన్నాడు మావటి. అవే పెట్టమని పుచ్చుకుని తిన్నాడు. ఎంగిలి! తిన్నాక మావటి నీళ్ళివ్వబోతే, ఎంగిలి నీళ్ళు తాగినవాడినవుతానని వద్దన్నాడు. మరి గుగ్గిళ్ళు ఎంగిలి కావా అని మావటి అడిగాడు, నాకు తెలిసి ధర్మశాస్త్రంలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. అవి తినకపోతే బతికేవాడిని కాదు, నీళ్ళు నాకు కావలసినచోట దొరుకుతాయి అన్నాడు ఉషస్తి. భార్యకు తెచ్చి ఇచ్చినవి ఆమె దాచి ఉంచింది. మర్నాడు పొద్దున అవే తిని రాజుగారి యజ్ఞానికి వెళ్ళాడు. అక్కడ ఋత్విక్కులు వల్లిస్తున్న స్తోత్రాలకు దేవత ఎవరో వాళ్ళకే తెలియదు, చెప్పింది ఈయన. ఎంగిలి తిన్నందుకు ఆయన అర్హత పోయిందని ఉపనిషత్తు అనలేదు. ప్రాణం నిలవడానికి ఎంత కావాలో అంతవరకే నియమం వంగింది, గుక్కెడు నీళ్ళ దగ్గర మళ్ళీ నిటారుగా నిలబడింది.

అపోహ: అక్షరం తప్పితే పూజ పాడు, ఇంటికి దోషం.

ప్రతి పూజ చివరా "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని మీచేత చెప్పిస్తాం కదా, అది ఎందుకనుకున్నారు? లోపం జరుగుతుందని ముందే ఊహించి, దానికి క్షమాపణను పూజలోనే పెట్టారు. స్వరం నేర్చుకోవలసిందే, నిర్లక్ష్యానికి ఇది సాకు కాదు. కానీ కొందరుంటారు. ఆచమనం సరిగా అయిందో లేదోనని పదేపదే మొదలుపెడతారు, చేతులు తోలు ఊడేలా కడుగుతారు, అపచారపు ఆలోచన ఒకటి మెదిలిందని రోజంతా కుమిలిపోతారు. ఇంటివారు దాన్ని భక్తి అనో చాదస్తమనో సరిపెట్టుకుంటారు. అది ఓసీడీ అనే జబ్బు కావచ్చు. మందులు, మానసిక చికిత్స ఉన్నాయి. అలాంటివారికి నేను ప్రాయశ్చిత్తం చెప్పను, చెబితే చేయవలసినవాటి జాబితాలో ఇంకొకటి చేరుతుంది. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళమంటాను.

అపోహ: ఎన్ని దోషకాలాలు వదిలితే అంత మేలు.

మనవాళ్ళు వర్జ్యం, దుర్ముహూర్తం చూస్తారు. ఇక్కడివారు రాహుకాలం, యమగండం చూస్తారు. చెన్నై తెలుగువారు నాలుగూ చూస్తారు! ఇక పనెప్పుడు చేస్తారు? పైగా రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు, గోడ క్యాలెండరులోని గంటన్నర లెక్క పగలు సరిగ్గా పన్నెండు గంటలని అనుకుని వేసింది. చెన్నైలో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ గంటన్నర తేడా ఉంటుంది.

అపోహ: నిజం చెప్పడమే నియమం, ఫలితంతో నాకు పనిలేదు.

కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. సత్యవ్రతుడైన ఆ తాపసి, దొంగలకు భయపడి పారిపోయినవాళ్ళు ఎటు వెళ్ళారో ఆ దొంగలకే ఉన్నదున్నట్టు చెప్పాడు. పారిపోయినవాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు.

అపోహ: అయితే ఏం చేసినా చెల్లుతుంది.

ఇదంతా విని "పంతులుగారూ, నాన్నగారి ఆబ్దికం ఆదివారానికి మార్చండి, సెలవు దొరకలేదు" అంటారు. అశౌచం (మైల) వచ్చిందా, అది తీరాక పెట్టవచ్చు. జబ్బు చేసి తప్పిపోయిందా, కృష్ణ ఏకాదశి, అమావాస్య ఉన్నాయి. ఆదివారం అన్న తిథి లేదు. తెల్లవారుజామున వచ్చి ఆఫీసు వేళకు ముగించేద్దామన్నా కుదరదు, ఆబ్దికానికి అపరాహ్ణం, అంటే మధ్యాహ్నం దాటిన వేళ, ఉండాలి. సగం రోజు సెలవు ముందే అడిగి పెట్టుకోండి, తిథి నేను రెండు నెలల ముందే చెబుతాను.