ఈరీ సరస్సు ఒడ్డున కాపురం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కు మకాం మారుద్దామనుకునే మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఈరీ సరస్సు గురించే ఉంటాయి. వాననీరు, మురుగునీరు ఎటు పోవాలో చూసే ఇంజినీర్ని కాబట్టి నా రోజూ దానితోనే గడుస్తుంది. ఒడ్డున పార్కులు, నది వెంట నడకదారులు, పాత గోదాముల్లో అపార్ట్‌మెంట్లు చూసి ఈ ఊరి మీద మనసు పడటం సహజం. నీటి గురించి మాత్రం కాలం చెల్లిన మాటలే ఇంకా తిరుగుతున్నాయి.

అపోహ: నది తగలబడ్డాకే ఊరు కళ్లు తెరిచింది.

1969 జూన్ 22న, ఊరి గుండా పారి ఈరీలో కలిసే కయహోగా నది మీద తేలే నూనె తెట్టుకు, చెత్తకు నిప్పంటుకున్న మాట నిజం. అది అరగంటలోపే ఆరిపోయింది. అంతకుముందు కూడా ఆ నది చాలాసార్లు తగలబడింది, 1952 నాటి మంట దీనికంటే ఎంతో పెద్దది. నీటి శుద్ధికి 10 కోట్ల డాలర్ల బాండ్లు కావాలని ఊరి జనం ఓటేసింది 1968లో, అంటే ఆ మంటకు ముందే. మంట మర్నాడు మేయర్ కార్ల్ స్టోక్స్ విలేకరులను వెంటబెట్టుకెళ్లి కాలుష్యం ఎక్కడెక్కడ కలుస్తోందో చూపించారు. ఈ నగరానికి దక్కాల్సిన గౌరవం ఆ ఓటుకే దక్కాలని నా నమ్మకం.

అపోహ: ఈరీ ఒకప్పుడు చచ్చిపోయిన సరస్సు.

1960ల్లో పత్రికలు అలాగే రాశాయి. నిజానికి అప్పుడు అందులో నాచు విపరీతంగా పెరిగింది. డిటర్జెంట్లలోంచి, మురుగులోంచి వచ్చే ఫాస్ఫరసే దానికి మేత. ఆ నాచు చచ్చి అడుగున కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను తినేసేది, చేపలకు మిగిలేది కాదు. ఈరీ సగటు లోతు 19 మీటర్లే (సుపీరియర్ సరస్సుది 147). లోతు తక్కువ కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా పాడవుతుంది. అయితే ఇందులో నీరంతా మారడానికి మూడేళ్లు కూడా పట్టదు, అందుకే త్వరగా కోలుకుంటుంది కూడా. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని ఫాస్ఫరస్‌కు కళ్లెం వేశాక మార్పు స్పష్టంగా కనిపించింది.

కథ అక్కడితో ముగియలేదు. ఇప్పటి నాచు పడమటి కొసన ఎక్కువ. పొలాల్లో వేసిన ఎరువు వానకు కరిగి మామీ నది గుండా అక్కడికి చేరుతోంది. 2014 ఆగస్టులో ఆ కొసనున్న టొలీడో నగరంలో నాచు విషం వల్ల నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగకుండా ఉండాల్సి వచ్చింది. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: నాచు విషం గురించి హెచ్చరిక వస్తే నీళ్లు కాచి తాగకండి. కాచితే విషం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్లీవ్‌లాండ్ సరస్సు మధ్య భాగపు ఒడ్డున ఉంది. ఇక్కడ తాగునీటిని ఒడ్డుకు మైళ్ల దూరంలో, సరస్సు లోపలి నుంచి తీసుకుంటారు.

అపోహ: నీళ్లు తేటగా ఉన్నాయంటే శుభ్రంగా ఉన్నట్టే.

కాదు. 1980ల చివర ఓడల్లో వచ్చిపడిన జీబ్రా ఆల్చిప్పలు నీటిని వడగట్టి తేటగా చేస్తాయి. కానీ చేపపిల్లలకు ఆధారమైన మంచి నాచును మింగేసి, విషపు నాచును ఉమ్మేస్తాయి. రోగకారక సూక్ష్మజీవులు కంటికి కనిపించవు కూడా.

అపోహ: బీచ్ తెరిచి ఉందంటే ఈతకు దిగొచ్చు.

పాత పేటల్లో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. కుండపోత కురిస్తే శుద్ధి కేంద్రం అంతా మోయలేదు, మిగిలింది వాగుల్లోకి, సరస్సులోకి పొర్లుతుంది. దీన్ని ఆపడానికే భూమి కింద 300 అడుగుల లోతు దాకా సొరంగాలు తవ్వుతున్నారు. వాన పొర్లు నీటిని అవి పట్టి ఉంచి, తర్వాత శుద్ధికి పంపుతాయి. ఏటా 450 కోట్ల గాలన్ల పొర్లును 50 కోట్ల లోపుకు తేవాలన్నది లక్ష్యం. అయిన ఖర్చులో చాలా భాగం మీ నెల బిల్లులోనే ఉంటుంది. నా దృష్టిలో ఇంతకంటే సార్థకమైన బిల్లు లేదు. గట్టి వాన పడితే రెండు రోజులు ఆగి, ఆ రోజు బీచ్ నీటి పరీక్ష ఫలితం చూసుకుని పిల్లల్ని దింపండి.

అపోహ: పార్కులు కట్టాక సరస్సు బాగుపడింది.

ఎడ్జ్‌వాటర్ లాంటి ఒడ్డు పార్కులకు జనం వస్తున్నారంటే నీరు ముందే కొంత మెరుగైంది కాబట్టే. సరస్సుకు మేలు చేసే పచ్చదనం చాలావరకు మీకు ఒడ్డున కనిపించదు. ఎగువన తిరిగి తవ్విన చిత్తడి నేలలు, గట్లకు చెట్లు నాటిన వాగులు అసలు పని చేస్తాయి. నీటి అంచు దాకా నున్నగా కత్తిరించిన గడ్డి చూడముచ్చటగా ఉంటుంది గానీ కెనడా బాతులు గుంపులుగా దిగుతాయి, వాటి రెట్టలన్నీ వానకు నీళ్లలోకే. పొడవాటి స్థానిక మొక్కలు చూసి "ఈ పిచ్చి మొక్కలేంటి, కొట్టెయ్యరా?" అని పార్కు వాళ్లకు ఫిర్యాదు చేయకండి. కావాలనే పెంచుతున్నారు.

అపోహ: సరస్సుకు ఎంత దగ్గరుంటే అంత మంచు.

సరస్సు మీదుగా వచ్చే గాలి తేమను పట్టుకెళ్లి తూర్పున, ఒడ్డుకు దూరంగా ఉన్న ఎత్తు ప్రాంతాల్లో దింపుతుంది. అందుకే అక్కడి చార్డన్ అనే ఊరి వైపు మంచు ఏటా 100 అంగుళాలు దాటుతుంది. సరస్సు గడ్డకట్టాక ఆ జోరు తగ్గుతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్తే వంటగది తర్వాత బేస్‌మెంట్‌లోకి దిగండి. గోడల కింద తేమ చారలున్నాయా, మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టారా, కప్పు మీది వాననీటి గొట్టం మురుగు లైన్లో కలుస్తోందా అని అడగండి. కలుస్తుంటే దాన్ని విడదీసి పెరట్లోకి మళ్లించడానికి ఏం అనుమతులు కావాలో కొనకముందే నగరపాలక సంస్థలో కనుక్కోండి.