కాపాడాల్సిన కణాలే కిడ్నీకి చేటైతే

ఇద్దరు అన్నదమ్ములకు ఇరవయ్యేళ్లుగా షుగర్ ఉందనుకుందాం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒకరు డయాలసిస్ దాకా వెళ్తారు, కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ రెండోవారిలో మామూలుగానే ఉంటుంది. డాక్టర్లకు ఇది వింతేమీ కాదు. షుగర్ ఉన్నవారిలో కిడ్నీ జబ్బు వచ్చేది 30 నుంచి 40 శాతం మందికే. చక్కెర ఒక్కటే దోషి అయితే ఇంత తేడా ఎందుకు? బీపీ, వంశపారంపర్యం కొంతవరకు కారణాలే. కానీ రోగనిరోధక కణాల పాత్ర చూడకపోతే లెక్క కుదరదు.

ఈ కోణాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే వైద్యులు షుగర్ రోగుల కిడ్నీల్లో, రక్తాన్ని వడగట్టే కేశనాళికల గుచ్ఛాల్లో గుండ్రటి ముద్దల్లాంటి మచ్చలున్నాయని రాశారు. ఆ ముద్దల్లో తెల్లరక్తకణాలు గుంపులుగా కనిపించవు. దాంతో ఇది చక్కెర, రక్తపు ఒత్తిడి కలిసి చేసిన నష్టమేనన్న అభిప్రాయం స్థిరపడింది. తర్వాత బయాప్సీ ముక్కల్లోని కణాలకు ప్రత్యేకమైన రంగులు పట్టించి చూస్తే మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు బయటపడ్డాయి. గుచ్ఛాల్లో కొన్ని, వడగట్టిన ద్రవం ప్రవహించే నాళికల మధ్య సందుల్లో ఇంకా ఎక్కువ. అవి ఎక్కువున్న చోట మచ్చకట్టడం కూడా ఎక్కువే.

ఒక్క నాళిక దగ్గర కాసేపు ఆగుదాం. ఒక గుచ్ఛం, దాని నాళిక కలిస్తే ఒక నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడగడతాయి. వడపోత పొర దెబ్బతిని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ జారిపోతుంటే, దాన్ని వెనక్కి పీల్చుకునే చాకిరీ నాళిక గోడలోని కణాల మీద పడుతుంది. అప్పటికే చక్కెరతో సతమతమవుతున్న ఆ కణాలు ఎంసీపీ-1 అనే ప్రోటీన్‌ను వదులుతాయి. రక్తంలో తిరిగే మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలకు అది కబురు. రక్తనాళం లోపలి గోడ మీద ఆ కణాలకు పట్టు దొరికేలా చేసే ఐకామ్-1 అనే ప్రోటీన్ కూడా అప్పటికి పెరిగి ఉంటుంది. మోనోసైట్ దాన్ని పట్టుకుని ఆగి, సందు చూసుకుని లోపలికి దూరి, మాక్రోఫేజ్‌గా మారుతుంది. అక్కడి నుంచి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) రేపే ప్రోటీన్లను వదులుతూ మరికొన్ని కణాలను రప్పిస్తుంది.

మామూలు గాయమైతే ఈ హడావుడి కొన్నాళ్లకు సద్దుమణుగుతుంది. ఇక్కడ గాయం రోజూ కొత్తగా అవుతూనే ఉంటుంది. మరమ్మతుకు పురమాయించే టీజీఎఫ్-బీటా ఆగకుండా వస్తుంటే, మచ్చకట్టించే కొల్లాజెన్ పీచు పేరుకుపోతూనే ఉంటుంది. పగులు పూడ్చడానికి వచ్చిన మేస్త్రి ఆగకుండా కిటికీలు, తలుపుల మీద కూడా సిమెంటు పూసేస్తే ఎలా ఉంటుందో అలా తయారవుతుంది నెఫ్రాన్. పోయిన నెఫ్రాన్ స్థానంలో కొత్తది పుట్టదు.

ఎంసీపీ-1 జన్యువు లేని ఎలుకలకు షుగర్ తెప్పించి చూశారు. రక్తంలో చక్కెర బాగా పెరిగినా కిడ్నీ నష్టం మాత్రం తక్కువగానే ఉంది. నా మట్టుకు ఈ వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇదే. మనుషుల్లో ఇంత నేరుగా తేల్చలేం. అయితే బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ వాళ్లు 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. టైప్-2 షుగర్ ఉన్న 410 మంది రక్తంలో టీఎన్‌ఎఫ్ అంటుకునే గ్రాహకాలను కొలిచారు. వాటిలో ఒకటైన టీఎన్‌ఎఫ్‌ఆర్-1 బాగా ఎక్కువున్న పావువంతు మందిలో 12 ఏళ్లలో 54 శాతం మందికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయి. మిగతావారిలో అది 3 శాతమే.

మరి ఆ రోగనిరోధక కణాలను అణిచేస్తే సరిపోదా? అంత తేలిక కాదు. స్టెరాయిడ్లు చక్కెరను పెంచుతాయి. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే బార్డాక్సొలోన్ అనే మందు మీద ఎన్నో ఆశలుండేవి. గుండె వైఫల్యం కేసులు పెరగడంతో 2012లో దాని పెద్ద ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ ఒక చిన్న ట్రయల్‌లో మూత్రంలోని ఆల్బుమిన్‌ను 40 శాతం దాకా తగ్గించింది, కానీ హిమోగ్లోబిన్‌నూ తగ్గించింది.

గెలిచినవి పక్కదారిన వచ్చిన మందులు. ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ గ్రాహకాన్ని అడ్డుకునే ఫినెరినోన్, ప్రయోగశాలలో ఇన్‌ఫ్లమేషన్‌నూ మచ్చకట్టడాన్నీ తగ్గించింది. 2020లో ఫలితాలు వెల్లడైన, సుమారు 5,700 మందితో జరిగిన ట్రయల్‌లో కిడ్నీ ముప్పును 18 శాతం తగ్గించింది. మూత్రంలోకి చక్కెరను వదిలించే కానాగ్లిఫ్లోజిన్ 2019 ట్రయల్‌లో 30 శాతం తగ్గించింది. ఈ రెండోది రోగనిరోధక కణాల జోలికి నేరుగా పోదు. గుచ్ఛంలో ఒత్తిడినీ, నాళిక కణాల చాకిరీనీ తగ్గిస్తుంది. కబురు పంపే అవసరమే తగ్గుతుందన్నమాట.

ఇదంతా చదివి, ఇన్‌ఫ్లమేషనే కదా అని మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. ఆ మాత్రలు ఆపేది ప్రోస్టాగ్లాండిన్లను. దెబ్బతిన్న కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి ధమనిని తెరిచి ఉంచేవి అవే.