నడుం కింద కదిలీ కదలని ఎముక

పిల్లలూ,

"నడుం ఎముక పక్కకి జరిగింది, అందుకే ఈ నొప్పి" అని పెద్దవాళ్ళు అనుకోవడం మీరు వినే ఉంటారు. ఎవరో వచ్చి ఒక్క గుంజు గుంజి "టక్" మనిపిస్తే అది మళ్ళీ తన చోటికి వచ్చేసిందని కూడా చెప్తారు. ఆ ఎముక అంత తేలిగ్గా జరిగేదే అయితే మనలో ఎవరమూ మెట్లు దిగలేం. దాని సంగతి కాస్త వివరంగా రాస్తాను. పక్కన ఒక చెక్క కుర్చీ పెట్టుకుని, నేను చెప్పిన చోటల్లా చేత్తో తడుముకుంటూ చదవండి.

ముందు నిలబడి నడుం మీద రెండు చేతులూ ఆనించండి. గట్టిగా తగిలేవి తుంటి ఎముకల పై అంచులు. ఆ అంచుల వెంటే బొటనవేళ్ళను వెనక్కి జరుపుకుంటూ పోతే అటొకటి ఇటొకటి చిన్న గడ్డల్లాంటివి తగులుతాయి. కొందరికి అక్కడ చర్మం మీద చిన్న సొట్టలు కూడా కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ అరచేయి పెడితే దాని కింద ఉన్నదే త్రికాస్థి. పైన వెడల్పుగా మొదలై కిందికి సన్నబడే త్రికోణం అది. 5 వెన్నుపూసలు అతుక్కుపోయి ఒకే ఎముకైంది. దానికి 4 జతల రంధ్రాలుంటాయి, వాటిలోంచి నరాలు బయటికొస్తాయి. వాటిలో కొన్ని పై నరాలతో కలిసి, మన ఒంట్లోకెల్లా లావైన సయాటిక్ నరంగా కాలిలోకి దిగుతాయి. త్రికాస్థి కొసన వేలాడే 3 నుంచి 5 చిన్న పూసలే తోక ఎముక.

తుంటి ఎముక కూడా పుట్టుకతో ఒక్కటి కాదు. పైన ఇలియం, కింద ఇస్కియం, ముందు ప్యూబిస్. ఈ మూడూ తొడ ఎముక తల కూర్చునే గుంట దగ్గర కలుస్తాయి. ఇప్పుడు అరచేతులు పైకి పెట్టి వాటిమీద కూర్చోండి. చేతుల్లో గుచ్చుకుంటున్నవి ఇస్కియం ఎముకలు. కూర్చున్నప్పుడు మన బరువు మోయాల్సినవి అవే. జారగిలబడి కూర్చుంటే బరువు వాటిని దాటి వెనక్కి, తోక ఎముక వైపు పోతుంది. చేతులు తియ్యకుండా ఒకసారి జారగిలబడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ముందువైపు, పొత్తికడుపు కింద, రెండు ప్యూబిస్ ఎముకల మధ్య గట్టి మృదులాస్థి ఉంటుంది. వెనక త్రికాస్థి, రెండు పక్కలా తుంటి ఎముకలు, ముందు ఈ అతుకు కలిస్తే కటి వలయం పూర్తవుతుంది.

అసలు కథంతా వెనక, త్రికాస్థి తుంటి ఎముకను కలిసే చోట ఉంది. దాన్ని సాక్రోఇలియాక్ కీలు అంటారు. తల, చేతులు, మొండెం, భుజాన వేసుకున్న పుస్తకాల సంచీ, అన్నిటి బరువూ వెన్నెముక మీదుగా త్రికాస్థి మీదికి దిగి, ఈ కీళ్ళ దగ్గరే రెండుగా చీలి కాళ్ళలోకి పోతుంది. ఆ బరువుకి త్రికాస్థి పైభాగం ముందుకీ కిందికీ వంగాలని చూస్తుంది. దాని వెనక దట్టంగా అల్లుకున్న లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకి కట్టి ఉంచే గట్టి పట్టీలు, అలా వంగకుండా బిగబట్టి ఉంచుతాయి. ఒకరకంగా త్రికాస్థి రెండు తుంటి ఎముకల మధ్య ఉయ్యాల బల్లలా వేలాడుతోందన్నమాట. బల్ల మీద బరువు పడేకొద్దీ తాళ్ళు బిగుసుకుంటాయి కదా, ఇక్కడా అంతే. పైభాగం ముందుకు వంగితే తోక వైపు కొస వెనక్కి లేవాలి. అది లేవకుండా కిందినుంచి మరో రెండు జతల లిగమెంట్లు ఇస్కియానికి కట్టి ఉంచుతాయి. పడుకుంటే బరువు తగ్గి త్రికాస్థి కాస్త వెనక్కి తిరుగుతుంది.

ఎంత తిరుగుతుందంటారా? 1989లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు. ఎముకల్లో టాంటలమ్ అనే లోహపు చిన్న చిన్న గుళ్ళు పెట్టి, మనిషిని రకరకాల భంగిమల్లో ఉంచి ఎక్స్‌రేలు తీశారు. తిరిగింది సగటున 2.5 డిగ్రీలు, జరిగింది మిల్లీమీటరు కూడా లేదు. తర్వాత 1998లో ఇదే పద్ధతిలో, గుంజి సరిచేసే వైద్యానికి ముందూ తర్వాతా కొలిచి చూశారు. ఎముక ఎక్కడున్నది అక్కడే ఉంది. "టక్" మనే చప్పుడు కీలులోని ద్రవంలో గాలి బుడగ వల్ల వచ్చేది. అలా చేయించుకున్నవాళ్ళకి హాయిగా ఉండొచ్చు, బిగుసుకున్న కండరాలు వదులైతే నొప్పి తగ్గుతుంది, కాదనను. ఎముక జరిగి మళ్ళీ వచ్చిందన్న మాట మాత్రం నమ్మకండి.

ఆ రెండున్నర డిగ్రీలూ దండగ మాత్రం కాదు. అడుగు నేలకి తగిలినప్పుడల్లా వచ్చే అదురును అది కొంత మింగేస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఈ లిగమెంట్లు కాస్త సడలుతాయి. కాన్పు వేళ త్రికాస్థి ఒకవైపు తిరిగితే వలయం పైద్వారం విశాలమవుతుంది, రెండోవైపు తిరిగితే కింది ద్వారం. బిడ్డ తల పట్టీపట్టని చోట ఆ కాస్త జాగా కూడా పెద్ద సాయమే.

మరి డాన్సులో, ఆటలో నడుం అంతగా తిరుగుతుందే అంటే, అప్పుడు తిరిగేది వలయం మొత్తం. అది రెండు తొడ ఎముకల తలల మీద బంతిగిన్నె కీళ్ళలో తిరుగుతుంది, పైనున్న వెన్నుపూసలు దానికి తగ్గట్టు వంగుతాయి. లేచి, చేతులు తుంటి అంచుల మీద పెట్టి కుడికాలి మీద నిలబడండి. ఎడమవైపు ఆనుకోవడానికి ఏమీ లేదు, అయినా ఆ పక్క కిందికి వాలిపోలేదు. ఎందుకని? కుడివైపు, తుంటి అంచుకి కొంచెం కింద వేళ్ళతో నొక్కి చూడండి. అక్కడ రాయిలా బిగుసుకున్న కండరం గ్లూటియస్ మీడియస్. వలయాన్ని కుడిపక్కనుంచి కిందికి లాగి, ఎడమపక్కని నిలబెడుతోంది. కానీ కీలుకి అది దగ్గర్లో ఉంది, ఒంటి బరువేమో దూరంగా ఉంది. అందుకని అది బరువుకి దాదాపు రెండింతల బలంతో లాగాలి. ఆ లాగుడు, పై బరువు కలిసి తుంటి కీలు మీద పడేది ఒంటి బరువుకి రెండున్నర, మూడింతలు. 40 కిలోల పిల్లాడు ఊరికే ఒంటికాలి మీద నిలబడితే ఆ కీలు 100 కిలోల పైచిలుకు మోస్తోంది! మనం నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీదే ఉంటాం. ఈ కండరం బలహీనపడినవాళ్ళ నడకలో ఎదుటిపక్క తుంటి కిందికి జారడం కనిపిస్తుంది. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ ఈ సంగతి రాశాడు. డాక్టర్లు ఇప్పటికీ మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టే పరీక్షిస్తారు.

చింపాంజీకి ఈ ఏర్పాటు లేదు. దాని ఇలియం పొడుగ్గా, వీపుకి సమాంతరంగా ఉంటుంది. రెండు కాళ్ళ మీద నడిస్తే అటూ ఇటూ ఊగక తప్పదు. మన ఇలియం పొట్టిగా, పక్కలకి తిరిగి ఉంది. ఇథియోపియాలో 1974లో దొరికిన, లూసీ అని పేరుపెట్టిన తొలినాటి మానవజాతి స్త్రీ ఎముకల్లో త్రికాస్థి, ఎడమ తుంటి ఎముక ఉన్నాయి. 32 లక్షల ఏళ్ళనాటి ఆ ఇలియం కూడా పొట్టిగా, మనలాగే పక్కలకి తిరిగే ఉంది. ఆవిడ రెండు కాళ్ళ మీద నడిచిందని చెప్పే గట్టి సాక్ష్యాల్లో అదొకటి.

ఇక మీ వయసు సంగతి. తుంటి ఎముకలోని మూడు ముక్కలూ 14 నుంచి 16 ఏళ్ళ మధ్య అతుక్కుంటాయి. త్రికాస్థి పూర్తిగా ఒక్కటవడానికి పాతికేళ్ళ దాకా పడుతుంది. ఎక్స్‌రేలో మధ్య మధ్య గీతలు కనిపిస్తే విరిగిందేమోనని టెన్షన్ పడకండి, చాలావరకు అవి ఇంకా ఎముకగా మారని మృదులాస్థి జాగాలే. కాకపోతే కండరం అంటుకునే చోట అలాంటి మెత్తని జాగా ఉంటే, పరుగు పందెంలో ఒక్కసారి బలంగా లాగినప్పుడు కండరానికి బదులు ఎముక ముక్కే ఊడి రావచ్చు. పరిగెడుతుండగా తుంటి ముందో పిర్ర కిందో "ఫట్" మని కాలు కదపలేకపోతే మాత్రం అక్కడే ఆగిపోండి. ఎవరినీ రుద్దనివ్వద్దు, గుంజనివ్వద్దు, నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

ఇట్లు,
మీ తాతయ్య