తేలని టీబీ, మూసిన కిటికీ: ఆసుపత్రి గాలి వెనుక చరిత్ర

ఆసుపత్రిలో టీబీ భయం అనగానే అందరి చూపూ టీబీ వార్డు మీదికి పోతుంది. నిజానికి మందులు సరిగా పడుతున్న రోగి కంటే, మామూలు దగ్గేననుకుని ఓపీ బల్ల మీద పదిమంది మధ్య కూర్చున్న మనిషి వల్లే ముప్పు ఎక్కువ.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాక కూడా ఆరు దశాబ్దాల పాటు దానికి పనికొచ్చే మందు లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి అంతే వైద్యం. మదనపల్లె దగ్గర 1915లో వెలసిన ఆరోగ్యవరం శానిటోరియం (క్షయ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రి) ఆ కాలానిదే. అప్పటి వసారాలు, పెద్ద కిటికీలు రోగి ఊపిరితిత్తుల కోసం కట్టినవే అయినా, సిబ్బందిని కూడా ఎంతో కొంత కాపాడి ఉంటాయి.

క్షయ గాలిలో ఎలా పాకుతుందో 1950లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం తేల్చింది. ఆరు పడకల టీబీ వార్డు గాలిని గొట్టాల గుండా గినీ పందులున్న గదికి పంపితే, రోగుల ముఖమైనా చూడని ఆ జంతువులకు క్షయ సోకింది. అతినీలలోహిత కిరణాలు తగిలిన గాలి పీల్చినవాటికి సోకలేదు. జబ్బు అంటించింది రోగుల్లో కొద్దిమందే, మందులు పనిచేస్తున్నవారి నుంచి సోకడం బాగా తక్కువ. ఇంట్లో ఉంచి మందులిచ్చినా శానిటోరియంతో సమానంగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన రుజువు చేసింది. పేదలకు అది పెద్ద మేలు. అయితే శానిటోరియంలతో పాటే గాలి మీద శ్రద్ధ కూడా పోయింది.

దాని ఫలితం 1990 ప్రాంతంలో న్యూయార్క్ ఆసుపత్రుల్లో కనిపించింది. మందులకు లొంగని క్షయ హెచ్‌ఐవీ రోగులకు, సిబ్బందికి పాకాక, 1994లో అమెరికా కట్టుదిట్టమైన మార్గదర్శకాలు తెచ్చింది. దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో అంతకంటే మొండి రకం క్షయ సోకిన 53 మందిలో 52 మంది చనిపోయినట్టు 2006లో వెల్లడైంది. వారిలో ఎక్కువమంది అంతకుముందే ఆసుపత్రిలో ఉండి వచ్చినవారు. మరుసటి ఏడాది పెరూలోని లిమాలో కొలిచి చూస్తే, ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత ఆసుపత్రుల్లోనే గాలి బాగా మారుతోందని తేలింది. కొత్త భవనాలకు, ముఖ్యంగా ఏసీ పెట్టి కిటికీలు బిగించే మన అలవాటుకు, అది చెంపపెట్టే.

భారత ప్రభుత్వం 2010లో ఆసుపత్రులకు మార్గదర్శకాలు ఇచ్చింది. దగ్గేవారిని క్యూలోనే గుర్తించి, మాస్కు ఇచ్చి వేరుగా కూర్చోబెట్టి, ముందుగా చూసి పంపాలన్నది వాటి సారం. రెండు గంటల్లోనే క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా చెప్పే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికిందీ అదే ఏడాది. తర్వాత గోవాలో తయారైన ట్రూనాట్ యంత్రం అలాంటి పరీక్షను చిన్న కేంద్రాలకూ తెచ్చింది. ఇక ఖర్చే లేని పనులు కొన్ని ఉన్నాయి: పరీక్షకు తెమడ పట్టే డబ్బా చేతికిచ్చి మరుగుదొడ్డిలోకి కాకుండా ఆరుబయటికి పంపడం, ఫ్యాన్ గాలి రోగి మీదుగా డాక్టరు ముఖానికి కొట్టకుండా కుర్చీలు తిప్పి వేయడం.