కొత్త కోర్సు ఫైలు ఎక్కడ ఆగుతుంది?

ఏటా వేసవిలో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది: ఫలానా యూనివర్సిటీలో ఈ ఏడాది నుంచి ఫలానా కొత్త కోర్సు. కొన్ని ఆ ఏడే మొదలవుతాయి. కొన్ని ఏడాది ఆలస్యంగా వస్తాయి. కొన్నింటి ఊసు మళ్లీ వినపడదు. ఎందుకని అడిగితే క్యాంపస్‌లో ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే, అనుమతులు ఎక్కువ అని. ఎక్కువే, కాదనలేం. అయితే ఆ సంతకాలన్నీ ఒకేసారి వచ్చినవి కావు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో భయంతో ఫైలు మీదికి చేరింది. అన్ని సంతకాలున్నా పాఠం ఎవరు చెబుతారు, జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న మాత్రం ఎవరి బల్లమీదా గట్టిగా నిలవదు.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంతకుముందు వరంగల్‌లో ఉన్నది ఉస్మానియా పీజీ కేంద్రం. ఇక్కడ ఒక కొత్త సబ్జెక్టు పెట్టాలన్నా హైదరాబాద్‌లో తేలాల్సిందే. యూనివర్సిటీ రావడంతో వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలకు సిలబస్ రాసే పని హనుమకొండకు దక్కింది. అప్పటికి విద్య రాష్ట్ర జాబితాలో ఉంది. ఐదు నెలలు నిండకముందే, 1977 జనవరి 3 నుంచి, 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం రాజ్యాంగం మొదటినుంచీ కేంద్రానికే వదిలిన అంశం. అంటే రాష్ట్ర చట్టంతో పుట్టిన యూనివర్సిటీకి పుట్టుకనుంచే ఇద్దరు పెద్దలు.

కేంద్రం వైపు నుంచి మొదటి సంతకం యూజీసీది, అంటే విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లిచ్చే కమిషన్‌ది. 1956 నాటి యూజీసీ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం కమిషన్ గుర్తించి గెజిట్‌లో ప్రకటించిన డిగ్రీ పేర్లే యూనివర్సిటీలు ఇవ్వాలి. ప్రస్తుతం నడుస్తున్న జాబితాకు ఆధారం 2014 నోటిఫికేషన్. కొత్త పేరుతో డిగ్రీ ఇవ్వాలంటే కోర్సు మొదలుపెట్టకముందే కమిషన్ ఒప్పుకోవాలి. రెండో మెలిక నిధులది. 1972 జూన్ 17 తర్వాత ఏర్పడిన యూనివర్సిటీలకు అదే చట్టంలోని 12బీ సెక్షన్ కింద గుర్తింపు వస్తేనే యూజీసీ గ్రాంటు. కాకతీయ, ఆ తర్వాత వచ్చిన తెలంగాణ (2006), శాతవాహన (2008) యూనివర్సిటీలు అన్నీ ఈ గీతకు ఇవతలివే.

రాష్ట్రం వైపు కథ ఇంకొంచెం మలుపులు తిరిగింది. ఉన్నత విద్యనంతా ఒక కమిషనరేట్ కిందికి తెస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసింది. ఉస్మానియా అధ్యాపకుల సంఘం కోర్టుకెక్కింది. ప్రమాణాల సమన్వయం పార్లమెంటు పరిధి అంటూ 1987లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మరుసటి ఏడు, 1988లో, రాష్ట్ర ఉన్నత విద్యామండలి చట్టం వచ్చింది. ఈసారి మాటలు మెత్తబడ్డాయి: సలహా, సమన్వయం, ప్రణాళిక. మెత్తటి మాటలతో వచ్చిన మండలే ఇవాళ డిగ్రీ ఉమ్మడి సిలబస్ నమూనా, కాలేజీల్లో కొత్త కోర్సుల అనుమతి, ప్రవేశ పరీక్షల నిర్వహణ చూస్తోంది. కొట్టేయించుకున్న కమిషనరేట్ కంటే దాని చెయ్యే పొడుగైందనుకునేవాళ్లూ ఉన్నారు, ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

మూడేళ్లకు 1991 విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. దాంతో పాత సెనేట్, సిండికేట్లు పోయి అకడమిక్ సెనేట్, పాలకమండలి వచ్చాయి. ప్రభుత్వ శాఖల కార్యదర్శులు పాలకమండలిలో హోదా రీత్యా సభ్యులయ్యారు. తెలంగాణ వచ్చాక ఇదే చట్టాన్ని మనకు అన్వయించుకున్నాం. కొత్త కోర్సు ఫైలు ఇవాళ నడిచే దారి ఆనాటిదే.

ఆ దారి డిపార్ట్‌మెంట్ కమిటీతో మొదలవుతుంది. ప్రతిపాదన రాసేది ఒకరిద్దరు అధ్యాపకులు. తర్వాత బీవోఎస్, అంటే పాఠ్యప్రణాళిక మండలి. బయటి యూనివర్సిటీల నిపుణులు ఇందులో సభ్యులుగా ఉంటారు. పేపర్ల పేర్లు, యూనిట్లు, క్రెడిట్లు, ఇంటర్నల్ మార్కులు, ఎవరు అర్హులు అన్నవన్నీ ఇక్కడే ఖాయం కావాలి. బీవోఎస్ మినిట్స్ డీన్ ద్వారా అకడమిక్ సెనేట్ స్టాండింగ్ కమిటీకి వెళ్తాయి. డబ్బు సంగతి ఫైనాన్స్ కమిటీది. చివరికి పాలకమండలి. పోస్టులు కావాలంటే అక్కడితో ఆగదు. ఉన్నత విద్యాశాఖ, ఆపైన ఆర్థికశాఖ.

ఈ మెట్లలో అన్నిటికంటే సులువైంది బీవోఎస్, నిజానికి కష్టమైనదిగా ఉండాల్సింది అదే. బయటి నిపుణుడికి సిలబస్ రెండు రోజుల ముందు మెయిల్లో అందుతుంది. మరో యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి దించుకున్న యూనిట్లలో సూచించిన పుస్తకాలు మన లైబ్రరీలో ఉన్నాయో లేవో ఎవరూ చూడరు. డిగ్రీ స్థాయి కోర్సయితే ఇంకో చిక్కు ఉంది. తెలుగు మాధ్యమం పిల్లలకు తెలుగు అకాడమీ పుస్తకం లేని కొత్త పేపరు అంటే, గైడు అచ్చయ్యేదాకా అది నోట్సు మీద నడిచే పేపరే.

అసలు లెక్క పనిభారం దగ్గర ఉంటుంది. 40 సీట్లతో రెండేళ్ల ఎమ్మెస్సీ అనుకుందాం. సెమిస్టరుకు నాలుగు థియరీ పేపర్లు, ఒక్కోదానికి వారానికి 4 గంటలు, మొత్తం 16. ప్రాక్టికల్స్ నాలుగు, ఒక్కోటి 4 గంటలు, అవీ 16. కానీ ల్యాబులో 40 మందిని ఒకేసారి నిలబెట్టలేం. 20 మందితో రెండు బ్యాచులు చేస్తే 32 గంటలు. ఒక సెమిస్టరుకు 48. మొదటి ఏడాది, రెండో ఏడాది పక్కపక్కనే నడుస్తాయి గనుక వారానికి 96 గంటల బోధన. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్లకు 14. అందరినీ 16 గంటలవాళ్లుగానే తీసుకున్నా ఆరుగురు కావాలి. ప్రాక్టికల్ గంటను సగంగా లెక్కగట్టినా నలుగురికి తగ్గదు. ప్రతిపాదనలో మాత్రం తరచూ కనిపించేది ‘అనుబంధ శాఖ నుంచి ఇద్దరు, మిగతా పార్ట్‌టైం’ అన్న ఒక్క లైను. ఆ అనుబంధ శాఖలో ఉన్న ఇద్దరికీ అప్పటికే 16 గంటలు నిండి ఉంటాయి. ఫైనాన్స్ కమిటీలో ఫైలు వెనక్కి వచ్చేది ఈ లైను దగ్గరే. రాకపోతే అది ఇంకా ప్రమాదం, ఆ ఇబ్బంది మొదటి బ్యాచ్ మీద పడుతుంది.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. పంచవర్ష ప్రణాళికల కాలంలో కొత్త శాఖకు యూజీసీ ప్లాన్ పోస్టులు ఇచ్చేది. ప్రణాళిక గడువు దాకా జీతం కమిషన్‌ది, తర్వాత తాను భరిస్తానని రాష్ట్రం ముందే హామీ పత్రం ఇవ్వాలి. ఆ హామీ సంపాదించడం తలనొప్పే. అయినా కోర్సుతోపాటు పోస్టు పుట్టేది. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, ఆ దారీ మూసుకుపోయింది. ఇటు రాష్ట్రంలో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. వాటి కోసం తెచ్చిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించినా అది రాజ్‌భవన్ దగ్గర చిక్కుపడింది.

అందుకే మిగిలిన దారి సెల్ఫ్ ఫైనాన్స్. పోస్టు అడగని ఫైలు ఆర్థికశాఖ గడప తొక్కాల్సిన పనిలేదు. పాలకమండలితోనే పని అయిపోతుంది, అదే దాని ఆకర్షణ. ఫీజు వసూలైతే పార్ట్‌టైం అధ్యాపకుడికి జీతం, లేకపోతే లేదు. ల్యాబు సామాన్లు ఎందులోంచి కొనాలో ఎవరూ రాయరు. ప్రవేశాలు పది దాటకపోతే మూడో ఏడాదికల్లా కోర్సు తలుపు మూసుకుంటుంది. కొత్త కోర్సుల్లో ఎక్కువ భాగం సెల్ఫ్ ఫైనాన్స్ ఎందుకయ్యాయని అడిగేవాళ్లకు సమాధానం విధానంలో కాదు, ఈ అడ్డదారిలో దొరుకుతుంది.

వృత్తి కోర్సులకు మరో వరుస సంతకాలు. సాంకేతిక విద్యకు ఏఐసీటీఈ చట్టం 1987లో, ఉపాధ్యాయ విద్యకు ఎన్‌సీటీఈ చట్టం 1993లో వచ్చాయి. న్యాయవిద్యకు బార్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ అంతకంటే పాతవి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. యూనివర్సిటీ తన సొంత కాలేజీలో సాంకేతిక కోర్సు పెట్టడానికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర్లేదని 2001లో భారతీదాసన్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణాలు మాత్రం పాటించాల్సిందే. ఆ వెసులుబాటు అనుబంధ ప్రైవేటు కాలేజీలకు లేదు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలు కూడా ఏఐసీటీఈ పరిధిలోకి రావడంతో అప్పటిదాకా యూనివర్సిటీ అఫిలియేషన్‌తో సరిపెట్టుకున్న మామూలు డిగ్రీ కాలేజీలు కూడా ఏఐసీటీఈ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఫార్మసీలో ఏఐసీటీఈ, ఫార్మసీ కౌన్సిల్‌లలో ఎవరి మాట చెల్లాలన్న తగాదా 2020 దాకా నడిచింది, సుప్రీంకోర్టు ఫార్మసీ కౌన్సిల్‌కే మొగ్గింది. దూరవిద్యలో అయితే క్యాంపస్‌లో నడుస్తున్న కోర్సుకు సైతం యూజీసీ అనుమతి విడిగా తెచ్చుకోవాలి.

పాలకమండలి తీర్మానం అయిపోతే కోర్సు వచ్చేసినట్టేననుకోవడం రెండో పొరపాటు. ఒకప్పుడు కాకతీయ తన పీజీ ప్రవేశ పరీక్ష తానే పెట్టుకునేది, కొత్త సబ్జెక్టుకు ఒక కోడ్ చేర్చడం అంతర్గత వ్యవహారం. 2019 నుంచి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష ఉమ్మడిగా ఉస్మానియా నిర్వహణలో నడుస్తోంది. నోటిఫికేషన్‌కు ముందే సబ్జెక్టు, అర్హత, సీట్ల సంఖ్య కన్వీనర్‌కు చేరకపోతే ఆ ఏడాది అంతే. డిగ్రీకి 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం. ఆ తర్వాత స్కాలర్‌షిప్పుల పోర్టల్ ఈ-పాస్. అక్కడ కోర్సు నమోదు కాకపోతే విద్యార్థి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తే పెట్టలేడు. ఈ జిల్లాల్లో రీయింబర్స్‌మెంట్ లేని కోర్సులో చేరేవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పనక్కర్లేదు.

వీటన్నిటినీ వెనక్కి లెక్కేసుకుంటే, జులైలో క్లాసులు మొదలుకావాలంటే బీవోఎస్ ముందటేడు దసరా దాటకముందే కూర్చోవాలి. స్టాండింగ్ కమిటీ డిసెంబరుకు, పాలకమండలి సంక్రాంతి తర్వాత వెంటనే. పాలకమండలి తేదీ యూనివర్సిటీ ఒక్కదాని చేతిలో లేదు. కార్యదర్శులకు వీలు కుదరాలి, మండలి గడువు తీరితే ప్రభుత్వం కొత్త సభ్యులను వేయాలి, అసలు వీసీ ఉండాలి. 2019 జులై నుంచి 2021 మే దాకా, మళ్లీ 2024 మే నుంచి అక్టోబరు దాకా రాష్ట్ర యూనివర్సిటీలు ఇన్‌చార్జి ఐఏఎస్ అధికారులతో నడిచాయి. ఇన్‌చార్జి అధికారి రోజువారీ ఫైళ్లు చూస్తాడు తప్ప పదేళ్లపాటు ఖర్చు తెచ్చే కోర్సు మీద సంతకం పెట్టడానికి తొందరపడడు, పడాల్సిన పనీ లేదు. అలాంటప్పుడు ‘రాటిఫికేషన్‌కు లోబడి’, అంటే పాలకమండలి తర్వాత ఆమోదిస్తుందన్న షరతుతో, అని రాసి మొదలుపెట్టే అలవాటు ఒకటుంది. రాటిఫికేషన్ తర్వాతి సమావేశంలో టేబుల్ ఐటెంగా, అంటే ముందు పంపిన ఎజెండాలో లేకుండా అక్కడికక్కడ పెట్టే అంశంగా, వస్తే సరి. రాకపోతే మొదటి బ్యాచ్ మెమోలు ముద్రించే వేళకు పరీక్షల విభాగం పాత ఫైళ్లు వెతుక్కోవాలి.

ఇంత నడిచాక కూడా పేరు దగ్గర దెబ్బ తినొచ్చు. ప్రవేశాలు పెరగాలని సబ్జెక్టు ముందు ‘అప్లయిడ్’ అనో వెనక ‘అనలిటిక్స్’ అనో తగిలిస్తారు. జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లో మాత్రం పాత సబ్జెక్టు పేరే ఉంటుంది. మన డిగ్రీ దానికి సమానమని చెప్పే కాగితం కోసం ఆ విద్యార్థి డిపార్ట్‌మెంట్‌కు, రిజిస్ట్రార్ ఆఫీసుకు, ఉన్నత విద్యామండలికి తిరగాలి. సమానత్వ తీర్మానాన్ని బీవోఎస్ మినిట్స్‌లోనే రాయించి, స్టాండింగ్ కమిటీతో అప్పుడే ఒప్పించుకుంటే పట్టేది ఒక పేరా. రాష్ట్రంలో ఏ పోస్టుకు ఏ సబ్జెక్టు అడుగుతున్నారో పాత నోటిఫికేషన్లు ముందేసుకుని చూసిన బోర్డే ఆ పేరా రాయగలదు.