డ్రమ్ కిట్‌కి ఎన్ని మైకులు కావాలి? అపోహలు, వాస్తవాలు

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు: "అన్నా, ఇంట్లో డ్రమ్స్ రికార్డ్ చేద్దామనుకుంటున్నా. ఎనిమిది మైకుల సెట్ చూశాను, కొనేయనా?" వద్దంటే నమ్మరు. ఎవరో వీడియోలో చెప్పారట.

అపోహ: ప్రతి డ్రమ్ముకీ ఒక మైకు ఉండాల్సిందే.

దీనివల్ల పోయినంత డబ్బు, పోయినంత ధైర్యం ఇంక దేనివల్లా పోవడం నేను చూడలేదు. ఈమధ్య ఒక కుర్రాడు ఎనిమిది ట్రాకులు పంపాడు. స్నేర్ (వాయించేవాడి మోకాళ్ల మధ్య ఉండే చిన్న డ్రమ్ము) వింటుంటే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. "నాకు వాయించడమే రాదేమో అన్నా" అని దిగులు. ఐదు ట్రాకులు మ్యూట్ చేసి కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), రెండు ఓవర్‌హెడ్‌లు (కిట్‌కి పైన పెట్టే మైకులు) మాత్రం వినిపించాను. "ఇది నా కిట్టేనా?" అన్నాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు.

వాస్తవం: స్నేర్ మీద పడ్డ ఒక్క దెబ్బ గదిలోని అన్ని మైకుల్లోనూ పడుతుంది, ఒక్కోదాంట్లో ఒక్కో క్షణాన. శబ్దం మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు వెళుతుంది. స్నేర్‌కి 5 సెంటీమీటర్ల దగ్గర ఒక మైకు, 90 సెంటీమీటర్ల ఎత్తులో ఓవర్‌హెడ్ పెట్టారనుకోండి. తేడా 85, అంటే రెండున్నర మిల్లీసెకన్లు. 200 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం చుట్టు. ఒక మైకులో తరంగం పైకి లేస్తుంటే రెండోదాంట్లో కిందికి దిగుతుంటుంది. రెండూ కలిపితే ఆ భాగం చిక్కిపోతుంది. స్నేర్‌కి ఒళ్లు ఉండేది ఆ చుట్టుపక్కలే! ఇక ఈక్యూతో (శబ్దంలో ఒక్కో భాగాన్ని పెంచి తగ్గించేది) ఎంత పెంచినా లేనిది ఎక్కడినుంచి వస్తుంది? ముందు స్నేర్ ట్రాక్ మీద పోలారిటీ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి వినండి, ఎటు నొక్కితే నిండుగా ఉంటే అటే ఉంచండి.

నేను ఇంట్లో వాడేవి మూడే. కిక్ ముందు ఒకటి, స్నేర్‌కి నేరుగా పైన ఒకటి, ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే డ్రమ్ము) పక్కనుంచి హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) వైపు చూస్తూ ఇంకొకటి. బ్రిటిష్ సౌండ్ ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పద్ధతి అంటారే, అదే. ఇందులో ప్రాణమంతా స్నేర్ నుంచి రెండు ఓవర్‌హెడ్‌లకీ దూరం ఒకటే ఉండడంలో ఉంది. టేపు వెతకక్కర్లేదు, మైకు కేబుల్ చాలు. ఒక కొసని స్నేర్ మధ్యలో బొటనవేలితో అదిమిపెట్టి, మొదటి మైకు దాకా బిగించి లాగి, అక్కడ పట్టుకున్న చోటు వదలకుండా రెండో మైకు దగ్గరికి తిప్పండి. ఒకసారి బద్ధకించి కంటి అంచనాతో పెట్టేశాను. తేడా నాలుగు వేళ్లే, కానీ హెడ్‌ఫోన్స్‌లో స్నేర్ ఎడమ చెవి పక్కకి వెళ్లి కూర్చుంది. పూటంతా వాయించిన మనిషి మళ్లీ మొదటినుంచి వాయించాల్సొచ్చింది. పాపం, ఒక్క మాటా అనలేదు.

మిగతావి గబగబా. కండెన్సర్ మైకు (సున్నితమైన రకం) డ్రమ్స్ దగ్గర పాడైపోతుందా? ఓవర్‌హెడ్‌గా ఎక్కువమంది పెట్టేదే అది. గెయిన్ తగ్గించుకోండి, 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారానే మైకుకి అందే కరెంటు) ఆన్ చేయడం మర్చిపోకండి. గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం బయటికి పోదా? పోతుంది, పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి. సీలింగ్ తక్కువైతే రికార్డింగే కుదరదా? కుదురుతుంది. కిట్‌కి పైన మందపాటి శోషక ప్యానెల్ వేలాడదీయండి, లేదంటే పైకప్పుకి తగిలి తిరిగొచ్చే శబ్దం మళ్లీ ఆ ఫేజ్ గొడవే, అంటే పైన చెప్పిన తరంగాలు ఒకదాన్నొకటి తినేయడమే తెస్తుంది. ఖరీదైన మైకు కొంటే సరిపోతుందా అని మాత్రం అడగొద్దు. ముందు ఆ గుంటలు పడ్డ హెడ్స్ (డ్రమ్ము మీద కొట్టే పొరలు) మార్చి ట్యూన్ చేయండి మహాప్రభో!

ఇంటర్‌ఫేస్‌లో (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) రెండే ఇన్‌పుట్‌లున్నాయని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. కిక్‌కి ఒకటి, కిట్‌కి పైన ఒకటి పెట్టి, వాయించే చోటు నుంచి వినిపించినట్టే వస్తోందా అని చూసుకుంటూ పైదాన్ని కాస్త కాస్త జరపండి. మోనో అయినా పాటకి పనికొస్తుంది.

ఆ కుర్రాడు మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, మిగిలిన ఐదు మైకులేం చేయాలని. అమ్మేయమన్నాను. మనసొప్పలేదట. స్టాండ్లు అలాగే ఉంచి వైర్లు మాత్రం పీకేశాడు.