మన కొండతో ఆ కొండను కొలవకండి: గంగోత్రి నేషనల్ పార్కు, అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లను ఏటా చిన్న బృందాలుగా గంగోత్రికి తీసుకెళ్తుంటాను. బయలుదేరే ముందు అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటిలో సగం మనం రోజూ వాడే మాటల వల్లే పుడతాయి. పార్కు అనగానే మనకు బెంచీలు, ఉయ్యాలలు గుర్తొస్తాయి. 1989లో ఏర్పడిన ఈ పార్కు రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న శిఖరాలు, లోయలు. తిండీ నీళ్లూ మీ సంచిలోనే ఉండాలి.

మంచు అన్న మాటా అంతే. మన దేవమాలి కొండ మీద తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. అందుకే హిమానీనదం అంటే దూది పరిచినట్టు తెల్లగా ఉంటుందనుకుని వస్తారు. గంగోత్రి హిమానీనదం కొసన భాగీరథి పుట్టే గోముఖం చూసి "ఏటిది, రాళ్ల గుట్టలా ఉంది!" అని నీరసపడిపోయినవాళ్లు చాలామంది. నిజానికి దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న ఆ మంచు ప్రవాహం పక్క కొండల నుంచి రాలిన రాళ్లనూ మట్టినీ మోసుకుంటూ దిగుతుంది. అందుకే పైన బూడిద రంగు. ముందు భాగం విరిగిన చోట లోపలి గడ్డ నీలంగా కనిపిస్తుంది. నాకు ఆ చోటు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

అపోహ: హిమానీనదం వెనక్కి నడుస్తోంది.

నడక ఎప్పుడూ కిందికే. దీపంలో ఒత్తిని ముందుకు తోస్తుంటాం, కొస కాలిపోతుంటుంది. తోసే దానికన్నా కాలేది ఎక్కువైతే కొస లోపలికి పోతుంది. ఇదీ అంతే: పైనుంచి వచ్చే గడ్డకన్నా కింద కరిగేది ఎక్కువ. 1935లో జియలాజికల్ సర్వే వాళ్లు గోముఖానికి పటం గీశారు. అప్పటి నుంచి ముఖం కిలోమీటరుకు పైగా వెనక్కి పోయింది.

అపోహ: "మహేంద్రగిరి ఎన్నిసార్లు ఎక్కలేదూ? ఏటవుద్ది బాబూ!"

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి 1,672. గంగోత్రి ఊరే 3,000 మీటర్ల పైన ఉంది, గోముఖం దాదాపు 4,000. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున అందేదానిలో సుమారు 60 శాతమే. దానికి అలవాటుపడటానికి ఒంటికి రోజులు కావాలి. కండబలం ఆ పని చేయదు. ఒకసారి రోజూ పరుగెత్తే కుర్రాడు, వాళ్ల మేనత్తతో కలిసి వచ్చాడు. ఆవిడ గంగోత్రికి కిందనున్న హర్సిల్ ఊళ్లో నేను చెప్పినట్టే ఒక రోజంతా ఆగి, తర్వాత నెమ్మదిగా నడిచింది, దారిలో నీలి గొర్రెల మందను కూడా చూసింది. వీడు ఆగకుండా నేరుగా గంగోత్రి చేరి, తలనొప్పి దాచి, "బాగానే ఉన్నానన్నా" అంటూ ముందు నడిచాడు. గోముఖం దారిలో ఉన్న చీర్‌బాసా దగ్గర వాంతులు మొదలయ్యాయి. ఇద్దరం పట్టుకుని కిందికి దింపాం. ఎత్తు తగ్గేకొద్దీ తేరుకున్నాడు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటే వెంటనే నాతో చెప్పండి, ఇంకా పైకి వెళ్లకూడదు. మాట తడబడినా, అడుగు తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, రాత్రయినా సరే దిగాల్సిందే.

కర్పూరం మూట కట్టి తెస్తారు. వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు. చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలకే ఖాళీ. అది చూసుకుని పైకి వెళ్లేవాళ్లను నేను ఆపేస్తాను.

ఒక్క రోజులో గోముఖం చూసి వచ్చేద్దామనేవాళ్లకు లెక్క చెబుతాను: గంగోత్రి నుంచి 18 కిలోమీటర్లు, రానూపోనూ 36. ఒక్క రోజు బృందాన్ని నేను 9 కిలోమీటర్ల దూరంలోని చీర్‌బాసా వరకే తీసుకెళ్తాను. ఎంత చేరువలో ఉన్నా మధ్యాహ్నం 12 కాగానే వెనక్కి తిరుగుతాం. డబ్బు కట్టాం కదా అని నొచ్చుకునేవాళ్లున్నారు, నాకూ బాధే. కానీ ఎండకు మంచు కరిగి, పొద్దున చెప్పుల్లోనే దాటిన వాగు సాయంత్రానికి ఉరకలేస్తుంది. రాళ్లు జారేదీ అప్పుడే. పార్కులోకి రోజుకు 150 మందికే అనుమతి, కాబట్టి పర్మిట్ సంగతి ఇక్కడ ఉండగానే చూసుకోవాలి.

రెండు రోజుల బృందాన్ని చీర్‌బాసా దాటాక వచ్చే భోజ్‌బాసాలో నిద్రచేయించి గోముఖానికి తీసుకెళ్తాను. అక్కడ ముఖం కిందికే వెళ్లి సీసా నింపుకుంటేనే పుణ్యమని పట్టుబడతారు. పైనుంచి ఇల్లంతేసి గడ్డలు చెప్పకుండా విరిగిపడతాయి. కింద గంగోత్రిలో గుడి ఎదుట పారేదీ అదే భాగీరథి. ఇంట్లో పెద్దవాళ్లకు తీసుకెళ్లే నీళ్లు అక్కడే పట్టుకోండి. మా అమ్మకు నేనూ అక్కడే పడతాను.